చూశానన్న మాట

నలభై ఆరో ఏట ఆయన మళ్లీ బూట్ల సైజు చెప్పుకోవలసి వచ్చింది.

నగర పోలీసు దళం వారి స్టోర్సు గది. పొడుగాటి బల్లకు అవతల, కళ్లద్దాలు ముక్కు కొసకు జారిన గుమాస్తా. ఇవతల వరసలో పదిహేడుమంది కొత్తవాళ్లు, మీసం ఇంకా కుదురుకోని వయసువాళ్లు. పద్దెనిమిదోవాడు ఈయన. గుమాస్తా తలెత్తకుండానే "బూటు?" అన్నాడు.

"తొమ్మిది."

"నడుము?"

ఆయన కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ముప్ఫై ఎనిమిది," అన్నాడు.

గుమాస్తా అప్పుడు తలెత్తాడు. నెరిసిన చెంపలు చూసి కుర్చీలోంచి సగం లేచాడు. "అయ్యో, మీరలా కూర్చోండి సార్. అబ్బాయి ఏడీ? చెప్పాల్సింది అబ్బాయి సైజండీ, మీది కాదు."

"అబ్బాయి ఎవరూ లేరండీ. నేనే చేరుతున్నా."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వేశాడు. ఇరవై రెండేళ్ల పోలీసు ఉద్యోగం నేర్పినవాటిలో అదొకటి: పదిమంది నవ్వేటప్పుడు మనమూ నవ్వేస్తే దెబ్బ ఎక్కడ తగిలిందో ఎవరికీ తెలియదు.

ఆ ఇరవై రెండేళ్లూ ఆయన మూడు గంటల బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్న ఓ చిన్న ఊళ్లో పనిచేశాడు. చివరి తొమ్మిదేళ్లు హెడ్డు. ఊరంతా "హెడ్డుగారు" అనేది. అసలు పేరు రేషను కార్డులోనూ, పెళ్లి శుభలేఖలోనూ తప్ప ఎక్కడా మిగల్లేదు. ఏ వీధి కుక్క ఎందుకు మొరుగుతోందో, ఏ అన్నదమ్ములు గట్టు తగువని చెప్పి అసలు దేనికి కొట్టుకుంటున్నారో ఆయన కుర్చీలోంచి లేవకుండా చెప్పగలిగేవాడు. అలాంటి మనిషి చేతిపట్టీ మీద మూడు గీతలూ విప్పి బల్లమీద పెట్టి నగరానికి వచ్చేశాడు. ఆ పాత చొక్కా ఆయన ఇంట్లో తొడుక్కునేవాడు. గీతలు ఊడదీసిన చోట గుడ్డ ముదురు రంగులో ఉండేది. ఎండ పడని చోటు కదా.

రావడానికి కారణం ఆయన భార్య. ఆమె మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధిచేసే మిషను మీద పడుకోవాలి. ఆ మిషను నగరంలో ఉంది. పోనూ రానూ ఆరు గంటల బస్సు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో ఆమె కిటికీకి తల ఆనించి, "ఏమండీ, మిషను నన్ను బతికిస్తోంది, బస్సు చంపుతోంది. ఆ రెండూ ఏదో ఒక ఒప్పందానికొస్తే బాగుణ్ణు," అంది. హాస్యానికే అంది. ఆయన మర్నాడే దరఖాస్తు పెట్టాడు.

బయటివాళ్లకు పోలీసులంటే అందరూ ఒకటే. లోపలివాళ్లకు చిన్న ఊరి పోలీసూ నగర పోలీసూ రెండు దేశాలు. పై అధికారులు వేరు, నియమాలు వేరు, దండం పెట్టే తీరు కూడా వేరు. నగర దళం అనుభవం ఉన్నవాళ్లను తీసుకుంటుంది గాని వాళ్ల అనుభవాన్ని తీసుకోదు. హెడ్డు అయినా ఇంకేదైనా అట్టడుగు మెట్టునుంచి ఎక్కాల్సిందే. ఏడాది ప్రొబేషను. ఆ ఏడాది గట్టెక్కి ఉద్యోగం ఖాయమైతే, ఆసుపత్రికి రెండు వీధుల అవతల దళం ఇచ్చిన క్వార్టరు ఉంటుంది, భార్య వైద్యం దళం చూసుకుంటుంది. గట్టెక్కకపోతే క్వార్టరు ఖాళీ చేసి మళ్లీ ఆ బస్సెక్కాలి. ఆ ఏడాది ఆ ఇంట్లో గోడమీద క్యాలెండరు చూడని రోజు లేదు.

దళంలో ఆయనకు వారం తిరక్కుండానే పేరు పెట్టారు: కొత్తల్లుడు. పెట్టింది ఆయన బండి నడిపే డ్రైవరు, రెండేళ్లలో రిటైరవబోయే మనిషి. "రండి అల్లుడుగారూ, ముందు సీటు మీదే. అలిగితే మాత్రం మా దగ్గర పెట్టడానికేం లేదు," అనేవాడు.

"అలక తీరే వయసు దాటిపోయింది మామగారూ, పోనివ్వండి," అనేవాడు ఈయన.

వైర్‌లెస్ గదిలో కూర్చుని వీళ్లను అక్కడికీ ఇక్కడికీ పంపే అమ్మాయి మాత్రం ఆయన్ని "బాబాయ్" అనేది. పాతికేళ్లుంటాయేమో. తాత్కాలిక ఉద్యోగి, ఆరు నెలలకోసారి కాంట్రాక్టు కాగితం మార్చుకుంటేనే కుర్చీ. ఆయన ఆమెను "తల్లీ" అనేవాడు. పదకొండు నెలల్లో ఇద్దరూ ఎదురుపడింది నాలుగుసార్లో అయిదుసార్లో. అయినా పొద్దున్నే ఆ గొంతు కాస్త బరువుగా వినిపిస్తే, "ఏం తల్లీ, జలుబా? ఆవిరి పట్టు," అనేంత చనువు.

ఇక అసలు సంగతి ఆ వైర్‌లెస్ మాటల్లోనే ఉంది.

ఒంటరిగా ఉన్న మనిషి ఫోనెత్తడం లేదు, కాస్త చూసి రండి అని ఎవరైనా అడిగితే నగర దళంలో మూడే మాటలు. "చేరాను" అంటే గుమ్మం ముందు ఉన్నాను. "పిలిచాను" అంటే తలుపు కొట్టాను, జవాబు లేదు. అప్పుడు తలుపు తెరిచేవాళ్లను పంపుతారు. "చూశాను" అంటే ఆ మనిషిని ప్రాణాలతో చూశాను. అప్పుడు ఆ సంగతి మూసేసి, అడిగినవాళ్లకు క్షేమమని చెబుతారు. దానికో కట్టుబాటు కూడా ఉంది. "చూశాను" అని వినిపించగానే వైర్‌లెస్ గదిలోవాళ్లు "కళ్లారా?" అని తిరిగి అడగాలి. వెళ్లినవాడు "కళ్లారా" అనాలి.

చిన్న ఊళ్లో ఈ గొడవలేవీ లేవు. అక్కడ "చూశాను" అంటే వెళ్లాను, వాకబు చేశాను, నా పని అయింది అని. ఆ మాటకొస్తే మన భాషలో చూడడమనేది ఒక్క కళ్లు చేసే పని కానేకాదు. కూరలో ఉప్పు చూస్తాం నాలుకతో. జ్వరం చూస్తాం అరచేత్తో. తల్లిని చూసుకుంటాం, పిల్లను చూసొస్తాం, ఎక్కడైనా ఉద్యోగం చూసిపెట్టమంటాం, కోపమొస్తే నీ అంతు చూస్తానంటాం. తిని చూస్తాం, అడిగి చూస్తాం, ఏమీ తోచకపోతే ఊరికే దారి చూస్తాం. ఎన్నో చేతులు మారిన పాత నాణెం అరిగినట్టు అరిగిపోయిన మాట అది. దాన్ని తీసుకొచ్చి నగర దళం వాళ్లు ఒకే ఒక్క అర్థానికి కట్టేశారు. మంచి ఉద్దేశంతోనే కట్టేశారు. ఆయనకు తెలియకా కాదు. చేరిన నెలలో పెట్టిన పరీక్షలో యాభైకి నలభై ఎనిమిది తెచ్చుకున్నాడు. తెలిసింది బుర్రకు. నాలుకకు మాత్రం ఇరవై రెండేళ్ల అలవాటు.

పదకొండో నెలలో ఒక మంగళవారం పొద్దున పదింటికి పిలుపు వచ్చింది. గడియారాలు బాగుచేసే పెద్దాయన, డెబ్భై దాటినవాడు, ఒంటరిగా ఉంటాడు. వేరే ఊళ్లో ఉండే అక్కకు రోజూ ఏడింటికి ఫోను చేస్తాడు. ఆవేళ చేయలేదు, ఆవిడ చేస్తే ఎత్తడం లేదు.

ఇల్లు మూడంతస్తుల పాత భవనంలో రెండో అంతస్తు. డ్రైవరు కింద బండిలోనే ఉన్నాడు. ఈయన మెట్లెక్కి తలుపు కొట్టాడు. దానంతటదే పడే తాళం. లోపల మనిషి ఉన్నదీ లేనిదీ బయటికి తెలియదు. చెవి ఆనించాడు. లోపల నలభయ్యో యాభయ్యో గడియారాలు, చిన్న చినుకులు పడ్డట్టు చప్పుడు. వాటి మధ్య మందంగా, ఆగి ఆగి, ఇంకో చప్పుడు. పాత గోడగడియారం లోలకం పెట్టె చెక్కకు తగులుతోంది కాబోలు అనుకున్నాడు.

పక్కవాటా తలుపు తెరుచుకుని ఒకావిడ తల బయటపెట్టింది. "ఆయన పదింటికి ఇంట్లో ఎక్కడుంటారండీ! స్ప్రింగులనీ స్క్రూలనీ బజారు పట్టుకు తిరుగుతుంటారు. ఫోను సంచిలో వేసుకుంటారు, అది మోగినా ఆయనకి వినపడదు."

ఈయన గుమ్మం చూశాడు. మెట్లమీద కింది వాటాల ముందు పేపర్లు పడి ఉన్నాయి. ఈ గుమ్మంలో లేదు. అంటే మనిషి లేచాడు, పేపరు లోపలికి తీసుకున్నాడు, ఆ తర్వాతే బయటికి వెళ్లాడు. అనుభవం అంటే అదే కదా, లేనిదాన్ని చూసి ఉన్నదాన్ని చెప్పడం. చిన్న ఊళ్లో ఇలాంటి లెక్క ఏనాడూ తప్పలేదు.

తప్పింది ఇక్కడే. ఆ పేపరు పొద్దున్నే తీసుకునేది పక్కవాటా ఆవిడ. చదివేసి, మళ్లీ మడత కలిపి, సాయంత్రానికి ఆయన గుమ్మంలో వేసేది. పన్నెండేళ్లుగా ఇద్దరికీ ఉన్న ఒప్పందం. పరాయి పేపరు చదువుతానని పోలీసాయనతో చెప్పుకోవడానికి మొహమాటపడింది.

సరిగ్గా అప్పుడే భుజం మీది వైర్‌లెస్ గరగరలాడింది. కూడలిలో లారీ బడిపిల్లల వ్యానును గుద్దింది, దగ్గర్లో ఎవరున్నా వెళ్లండి. ఆయన రెండేసి మెట్లు దిగుతూ అన్నాడు: "రెండో అంతస్తు చూశాను. కూడలికి వెళ్తున్నా తల్లీ."

"సరే బాబాయ్," అంది ఆ అమ్మాయి.

కళ్లారా అని అడగలేదు. అంతటి మనిషిని, తండ్రి వయసువాణ్ణి, ప్రతిసారీ అలా అడగడం ఆమెకు చిన్నతనంగా ఉండేది.

వ్యాను పిల్లలకు పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. రోడ్డు ఖాళీ చేయించేసరికి మధ్యాహ్నం రెండయింది. నాలుగు దాటాక పక్కవాటా ఆవిడ పేపరు వెయ్యడానికి వచ్చి, లోపల ఫోను అదేపనిగా మోగడం విని కంగారుపడి పోలీసులకు చెప్పింది. తలుపు తెరిచారు. పొద్దున "చూసిన" మనిషి కాబట్టి ఆయన్నే పిలిపించారు.

పెద్దాయన పనిబల్ల కింద వెల్లకిలా పడి ఉన్నాడు. పక్షవాతంతో కుడిపక్క పడిపోయినట్టుంది. పనిచేసే ఎడమచేతిలో ఒక చెప్పు ఉంది. చేతికి అందినంత మేర నేలమీద, గోడ మొదట్లో, చెప్పు మడమ కొట్టిన గుర్తులు. వచ్చిన డాక్టరు చూసి, "పన్నెండింటి దాకా ప్రాణం ఉండి ఉంటుందండీ," అన్నాడు, ఎవరితోనూ కానట్టు.

ఈయన గోడలన్నీ వెతికాడు. ఆ గదిలో లోలకం గడియారం ఒక్కటే ఉంది. అది నడవడం లేదు. పొద్దున నడిచి సాయంత్రానికి ఆగిందో, ఏళ్ల తరబడి ఆగే ఉందో చెప్పగలిగినవాడు నేలమీద ఉన్నాడు.

అక్కగారు మర్నాడు వచ్చింది. ఎనభై దగ్గరపడ్డ మనిషి. స్టేషను వరండాలో బల్లమీద చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈయన వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ఎవరో ఆవిడకు తెలియదు. కనిపించిన యూనిఫాంకు చెప్పుకుంది.

"నాకు ఫోన్లో చెప్పింది బాబూ ఓ అమ్మాయి. ఎంత తియ్యగా చెప్పిందనీ! 'మీ తమ్ముడుగారు క్షేమమమ్మా, మావాళ్లు చూసొచ్చారు, మీరు నిశ్చింతగా ఉండండి' అంది. నేను కడుపునిండా తిన్నాను. పగలు నిద్ర కూడా పోయాను, ఇంత సుఖంగా. మా తమ్ముడు కిందపడి కొట్టుకుంటుంటే గుర్రుపెట్టి పడుకున్నాను. ఎందుకు బాబూ ఆ అమ్మాయి నాకు అబద్ధం చెప్పింది? నేను దానికేం చేశాను?"

"ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదమ్మా," అన్నాడు. "నేను చెప్పిందే మీకు చెప్పింది. మీ తమ్ముడుగారి తలుపు దాకా వెళ్లింది నేను."

ఆవిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తిట్టలేదు. "నీకు అక్కలున్నారా నాయనా?" అని మాత్రం అడిగింది. ఆయన లేరన్నాడు. ఆవిడ తల ఊపి, సంచి తీసుకుని లేచింది.

విచారణ పెట్టారు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాడు. భార్య సంగతి తెలుసు, పదకొండు నెలల పనీ చూశాడు. గదిలోకి పిలిచి టేపు వినిపించాడు. గరగరల మధ్య ఈయన గొంతే, మెట్ల అలుపుతో. తర్వాత "సరే బాబాయ్". ఆ పైన ఏమీ లేదు.

"విన్నారుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీరు మీ పాత అలవాటులో అన్నారు. బయటినుంచి వచ్చినవాళ్లకి నాలుక తడబడుతుందనే ఆ ప్రశ్న పెట్టింది. వైర్‌లెస్ అమ్మాయి అడగలేదు. అడిగుంటే మీరు సర్దుకునేవారు. అంతే కదా?"

ఆయన టేపు మిషను వైపే చూస్తున్నాడు.

"ఉన్నదే రాయండి. 'నన్ను తిరిగి ప్రశ్నించలేదు.' ఒక్క వాక్యం. మీకో మెమో వస్తుంది, ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ అమ్మాయిది ఎలాగూ వచ్చే నెలలో కాగితం మార్చాలి. మార్చం. చిన్నపిల్ల, ఇంకోచోట చూసుకుంటుంది. రేపు పొద్దున తెచ్చివ్వండి."

సాయంత్రం ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు. ఆవేళ ఆమె మిషను రోజు. అలాంటి రోజుల్లో ఉతికి పిండిన గుడ్డలా ఉంటుంది. మంచంమీద పడుకునే విన్నది.

"ఆ పిల్ల అడగలేదుగా మరి?"

"అడగలేదు."

"అయితే అదే రాయండి. లేనిది రాయమనడం లేదుగా ఎవరూ."

"లేనిది కాదు."

"మరింకేంటి మీ బాధ?"

ఆయన బాధేమిటంటే, ఆ ప్రశ్న ఆ అమ్మాయి అంతకుముందు చాలాసార్లు అడిగింది. మొదటి నెలల్లో ప్రతిసారీ అడిగేది. వాటిలో రెండు మూడుసార్లు ఆయన మనిషిని చూడకుండానే, కిటికీలో కదిలే నీడ చూసో, లోపల వినిపించే రేడియో చూసో, "ఆఁ, కళ్లారా" అనేశాడు. ఆ మనుషులు బాగానే ఉన్నారు కాబట్టి అదెవరికీ తెలియలేదు. ఆ మంగళవారం కూడా అడిగి ఉంటే, లారీ సంగతి చెవిలో పడ్డాక, మెట్లమీద, ఏమని ఉండేవాడో ఆయనకు బాగా తెలుసు.

అదే చెప్పాడు. ఆమె అటు తిరిగి గోడవైపు పడుకుంది. "ఆ సంగతి మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు కదండీ," అంది.

"తెలీదు."

"దేవుడిక్కూడా తెలిసుండదు. ఆయనకి మాత్రం ఇంతమందిని చూసుకోవడం ఎలా కుదురుతుంది?" నవ్వబోయి దగ్గింది. "నాకు బతకాలనుందండీ. సిగ్గులేకుండా చెబుతున్నాను. ఇంకేం చెప్పను. రాయాల్సింది మీరు."

ఆయన వంటింటి గట్టుమీద కాగితం పెట్టుకుని రాశాడు. వెళ్లిన వేళ, మెట్లు, తలుపు, పక్కవాటా ఆవిడ, పేపరు. లోపల విన్న చప్పుడు కూడా రాశాడు. దాని సంగతీ ఎవరూ అడగలేదు. నన్ను తిరిగి ప్రశ్నించలేదు, అని రాశాడు. దాని కింద, ప్రశ్నించినా కళ్లారా అనే చెప్పి ఉండేవాణ్ణి, ఇదివరకు అలా చెప్పాను, అని రాసి సంతకం పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివాడు. "ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు రాశారేంటి మీరు?" అని కసిరాడు. "ఈ ఆఖరి వాక్యం, ఆ చప్పుడూ కొట్టిపారెయ్యండి. ఇదిగో ఇంకో కాగితం."

"వద్దు సార్."

"ఇరవై రెండేళ్లు చేశారే ఉద్యోగం! ఇంట్లో ఆవిడ సంగతి ఆలోచించారా?"

"అదే ఆలోచిస్తూ రాశాను సార్. చూడండి, దస్తూరీ ఎలా ఉందో."

ఇన్‌స్పెక్టరు దస్తూరీ చూశాడు. కాగితం పైకి పంపాడు.

ఉత్తర్వు మూడు వారాలకు వచ్చింది. ప్రొబేషను తృప్తికరంగా ముగియలేదు; నెలాఖరుకు విధుల నుంచి తప్పించడమైనది. పాత ఊరి స్టేషనుకు ఫోను చేస్తే ఖాళీ నిండిపోయిందన్నారు. ఒకప్పుడు ఆయన కింద పనిచేసినవాడే, "హెడ్డుగారూ, మీరొస్తే కుర్చీ వేస్తాం గానీ, కుర్చీ ఇవ్వలేం," అని, అనేశాక తనే ఏడుపు గొంతుతో ఫోను పెట్టేశాడు. ఆ ఊరి బయట ధాన్యం గోదాముకు కాపలాదారు కావాలని, రాత్రి డ్యూటీయే, పగళ్లు ఖాళీయేనని ఇంకెవరో చెబితే సరేనన్నాడు.

వైర్‌లెస్ అమ్మాయి కాగితం మారింది. ఒకరోజు ఆయన డ్యూటీ దిగి వెళ్తుంటే ఆమె స్టేషను మెట్లకింద ఎదురైంది. ఏదో అనాలని వచ్చింది. అనలేక, "బాబాయ్, నాకు జలుబు తగ్గింది," అంది. కళ్లనిండా నీళ్లు. "మంచిది తల్లీ," అన్నాడు. "ఇకమీద ఎవణ్ణైనా సరే అడుగు. మీ నాన్నే మాట్లాడినా అడుగు." డ్రైవరు బండి దిగి వచ్చి, అల్లుడుగారూ అనబోయి, "అన్నా," అని చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన ఇంటికి వెళ్లేసరికి భార్య వంటింట్లో ముక్కాలిపీట ఎక్కి అటకమీది గిన్నెలు దింపుతోంది, కుడిచేత్తోనే. మిషను సూదులు గుచ్చే ఎడమచేత్తో బరువెత్తకూడదని డాక్టర్లు చెప్పారు.

"దిగవే, పడతావ్. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులుంది," అన్నాడు.

"ఒంటిచేత్తో సర్దాలంటే ఆరు రోజులు పట్టదూ?" అంది దిగకుండానే. "ఆ పిల్లకి ఉద్యోగం ఉందా?"

"ఉంది."

ఆమె గిన్నెలో గిన్నె పెట్టి కిందికి అందించింది, ఆయన అందుకున్నాడు. కాసేపు అలా అందిస్తూ, అందుకుంటూ ఉన్నారు.

"ఊళ్లో బస్సు పొద్దున్నే ఎన్నింటికండీ?" అంది. "వేళలేమైనా మారాయేమో కనుక్కున్నారా?"

"అయిదుంపావుకే. మార్లేదు."

"కిటికీ పక్క సీటు నాకు," అంది ఆమె, పెద్ద గిన్నెకోసం అటకమీదికి చెయ్యి చాస్తూ. ఆయన ముక్కాలిపీటను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.